గోల్ కొట్టేవాడా? గోల్ ఆపేవాడా?

కాలేజీ టీములో మూడేళ్ళు బ్యాక్ ఆడాను. గోల్ కొట్టినవాణ్ణి భుజాలమీద ఊరేగించారు. నాలాంటివాడు మాత్రం గోల్ పడినప్పుడే గుర్తొచ్చాడు! అందుకని డిఫెన్సే గొప్పదంటున్నానని అనుకోకండి, లెక్కలు చూడండి.

1982 ప్రపంచకప్పులో ఇటలీతో 'డ్రా' చేసుకుంటే బ్రెజిల్‌కి సెమీఫైనల్ ఖాయం. ఆట 2-2 దాకా వచ్చింది. జీకో, సోక్రటీస్ వంటి ఉద్దండులుండీ దాన్ని నిలుపుకోలేకపోయారు. రోసీ మూడో గోల్ కొట్టాడు. బ్రెజిల్ ఇంటికి, కప్పు ఇటలీకి! 2010లో స్పెయిన్ ఏడు మ్యాచీల్లో కొట్టినవి ఎనిమిది గోల్సే, ఇచ్చుకున్నవి రెండే. చివరి నాలుగూ 1-0తో నెగ్గి కప్పు పట్టుకుపోయింది.

"గోల్ కొట్టకుండా గెలుపెక్కడిదోయ్?" అంటారు మిత్రులు. నిజమే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు రహీంగారు, తలకి దెబ్బతగిలిన స్టాపర్ జర్నైల్ సింగ్‌ని ఫార్వర్డుగా దింపారు. ఫైనల్లో అతనూ ఒక గోల్ కొట్టాడు. కొరియాపై 2-1తో స్వర్ణం మనదైంది. కానీ ఆ ఒక్క గోల్ తేడాని చివరిదాకా కాపాడిందెవరు? వెనకున్నవాళ్ళు కారూ?

కంచెలేని చేను ఎంత పండినా గింజ ఇల్లు చేరదు. కనుక మిత్రులారా, ఈసారి కప్పొస్తే దండ వేసేముందు బ్యాకుల మెడలకేసి కూడా ఒకసారి చూడండి!