తుఫాను షెల్టరు తాళంచెవి మీ చేతుల్లో ఉండాలి

పాలకాయతిప్ప ఆడపిల్లలకు,



1977 నవంబరు 19 నాటి మన దివిసీమ ఉప్పెన మీరు పుట్టకముందు మాట. సర్కారు లెక్కల్లోనే పది వేల మంది దాకా పోయారు. ఎక్కి నిలబడడానికి దగ్గర్లో గట్టి మేడ లేక పూరిళ్లతో పాటు కొట్టుకుపోయిన వాళ్లెందరో. మన తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచింది ఆ తర్వాతే. దివిసీమ చరిత్రను మోస్తున్న ఇళ్లు అవే. వాటిని కాపాడే పని మీరు తీసుకోండమ్మా.

షెల్టరును స్తంభాల మీద ఎత్తుగా కట్టడం ఎందుకంటే, నీళ్లు కింద నుంచి పోవాలి, మనుషులు పైన నిలవాలి. అందుకని కింద వలలు, గడ్డి పేర్చి దారి మూయనివ్వకండి. ఉప్పుగాలికి లోపలి ఇనుప చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, సిమెంటు పెచ్చులూడుతుంది. శ్లాబు కింద సన్నగా నెర్ర కనబడ్డప్పుడే పంచాయతీలో చెప్పి రాయించండి. ఆలస్యమైతే రిపేరుతో పోదు.

ఆడవాళ్లకెందుకీ పని అంటారేమో. 1902లోనే మన బందరులో భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీల సమాజం పెట్టింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో చదువు నేర్చిన మనిషి ఆవిడ. ముప్పై ఒకటో ఏటనే పోయినా, ఆడవాళ్లు నలుగురూ కూడితే ఏం చేయగలరో చూపించి వెళ్లింది. 1937లో మద్రాసులో దుర్గాబాయి దేశ్‌ముఖ్ మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభ బడులూ ఆస్పత్రులూ నడిపే దాకా ఎదిగింది.

మీ అమ్మలు డ్వాక్రా సంఘాల్లో పొదుపు లెక్కలు రాస్తున్నారు. ఆ లెక్క, ఆ కట్టుబాటు మీకూ ఉన్నాయి. నలుగురు కలిసి వారానికోసారి షెల్టరు ఊడ్చండి. సాయంత్రాలు చిన్నపిల్లలకు అక్కడే చదువు చెప్పండి. రోజూ జనం మసలే మేడకు బూజు పట్టదు, దాని దారి ఎవరూ మరిచిపోరు. గర్భిణులు, నడవలేని ముసలివాళ్లు ఏయే ఇళ్లలో ఉన్నారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. హెచ్చరిక రాగానే ఎవరు ఎవరిని తీసుకెళ్లాలో ముందే అనుకోండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊరందరికీ తెలియాలి.

నవంబరు దాకా ఆగకండి. ఈ ఆదివారమే చీపుళ్లు పట్టుకుని వెళ్లండి.

ఇట్లు,
మీ నాయనమ్మ