కాపలాదారును కట్టివేసిన దొంగ

ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటరు. కొన్నదీ, వాడేదీ, దానికి బాధ్యత వహించేదీ ఒకే గృహస్థు. యంత్రం బాగా మందగించడంతో, లోపల ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూద్దామని అతడు టాస్క్ మేనేజరును తెరవబోతాడు. దానిని మీ అడ్మినిస్ట్రేటరు నిలిపివేశారని తెర మీద సమాధానం వస్తుంది. ఆ అడ్మినిస్ట్రేటరు తానే. తాను దేనినీ నిలిపివేయలేదు! వైరస్ నిరోధక ప్రోగ్రామును పిలిస్తే పలకదు. దానిని తయారుచేసిన సంస్థ వెబ్‌సైటును వెతికితే పేజీ రాదు. వార్తలు, సినిమా పాటలు, రైలు టికెట్ల పేజీలు మాత్రం నిక్షేపంగా వస్తూనే ఉంటాయి.

యంత్రం అబద్ధమాడడం లేదు. అది మోసపోయింది, అంతే. విండోస్‌ను ఇళ్ల కోసమే కాక పెద్ద కార్యాలయాల కోసం కూడా రూపొందించారు. వందలాది కంప్యూటర్లున్న చోట ఉద్యోగులు ఇష్టానుసారం మార్పులు చేయకుండా, బాధ్యుడైన అధికారి కొన్ని తలుపులకు తాళాలు వేయవచ్చు. ఆ ఆజ్ఞలన్నీ రిజిస్ట్రీ అనే చిట్టాలో నమోదవుతాయి. టాస్క్ మేనేజరుకు సంబంధించిన పద్దు ఎదుట 1 అనే అంకె పడితే చాలు, అది తెరుచుకోవడం మానేస్తుంది. ఆ అంకెను వేసిన చెయ్యి ఎవరిదని యంత్రం విచారించదు. అధికారి హక్కులతో నడిచే ప్రోగ్రాము ఏది రాసినా అది అధికారి ఆజ్ఞగానే చెల్లుతుంది. ఇంట్లో రోజువారీ పనులన్నీ అడ్మినిస్ట్రేటరు ఖాతాలోనే చేసుకునే అలవాటు ఉన్నంతకాలం ఆ హక్కులు సంపాదించడం దొంగ ప్రోగ్రాముకు పెద్ద శ్రమ కాదు.

ఈ విద్యలో ఆరితేరినది 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ అనే పురుగు. అది దూరే రంధ్రాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ అంతకుముందే, అక్టోబరు 23న, విడుదల చేసింది. దానిని వేసుకోని కంప్యూటర్లు మాత్రం లక్షల్లో ఉన్నాయి. రంధ్రం దొరకని చోట కాన్‌ఫికర్ యు.ఎస్.బి. డ్రైవుల మీద ఎక్కి వచ్చింది; లేదా అదే నెట్‌వర్కులోని ఇతర యంత్రాల పాస్‌వర్డులను ఊహించింది. '123456', 'అడ్మిన్' వంటి పదాల పట్టిక ఒకటి దాని జేబులోనే ఉండేది. అది పదే పదే తప్పు పాస్‌వర్డులు కొట్టడం వల్ల కొన్ని కార్యాలయాల్లో ఖాతాలు వాటంతటవే మూతపడి, అసలు అధికారులే గుమ్మం బయట నిలబడవలసి వచ్చింది.

లోపలికి వచ్చాక అది మొదట చేసిన పని కాపలాదారును కట్టివేయడం. విండోస్ అప్‌డేటును ఆపింది; డిఫెండరును, సెక్యూరిటీ సెంటరును పడుకోబెట్టింది. మైక్రోసాఫ్ట్ పేరు గాని, వైరస్ నిరోధక సంస్థల పేర్లు గాని ఉన్న వెబ్ చిరునామాలను వెతకనివ్వలేదు. తాను వచ్చిన రంధ్రాన్ని తానే మూసి మరో దొంగ రాకుండా జాగ్రత్తపడింది కూడా! 2009 మార్చిలో వచ్చిన దాని రూపాంతరం, అత్యవసర ద్వారమైన సేఫ్ మోడ్‌ను సైతం చెడగొట్టింది.

అయితే ఆ జాగ్రత్తే దానిని పట్టించింది. నిపుణులు కంటి వైద్యుల పటం లాంటి ఒక వెబ్ పేజీని తయారుచేశారు. పై వరుసలో మూడు భద్రతా సంస్థల చిహ్నాలు, కింది వరుసలో ఈ పురుగు పట్టించుకోని మూడు ఇతర ఆపరేటింగ్ సిస్టముల చిహ్నాలు. ఆరూ కనబడితే ఫరవాలేదు. పై వరుస మాయమై కింది వరుస మాత్రమే కనబడితే లోపల దొంగ ఉన్నట్లే అనుమానించాలి. ఏ ప్రోగ్రామూ అవసరం లేని ఇంత చౌకైన పరీక్ష మరొకటి లేదేమో.

తాళం కనబడినంత మాత్రాన దొంగ పడ్డాడని నిర్ణయించరాదు. కొన్న వైరస్ నిరోధక ప్రోగ్రాము ఒకటి ఉంటే విండోస్ సొంత డిఫెండరు తనంతట తానే తప్పుకుంటుంది. ఇంటి కంప్యూటరులో కార్యాలయపు ఖాతాను చేర్చేటప్పుడు 'ఈ పరికరాన్ని నా సంస్థ నిర్వహించవచ్చు' అన్న గడిలో టిక్కు ఉండిపోతే, తాళాలు ఆ సంస్థవే కావచ్చు. ఏదో కంపెనీ వదిలించుకున్న ల్యాప్‌టాపును సెకండ్‌హ్యాండులో కొన్నవారికీ ఇదే అనుభవం. అందుచేత సెట్టింగుల్లో కార్యాలయపు లేదా పాఠశాల ఖాతా ఏదైనా అంటిపెట్టుకుని ఉన్నదేమో మొట్టమొదట చూడాలి.

అటువంటిదేమీ లేకపోతే ఇంటర్నెట్టు తీగను ఊడదీసి, వైఫైని ఆపివేయాలి. తెర మీద ఏదైనా ఫోను నంబరు ప్రత్యక్షమైతే దానికి ఫోను చేయరాదు. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోను నంబరు ఎన్నడూ ఉండదు. ఆ నంబరుకు అవతల ఉన్నవాడు రెండో దొంగ. మొదటివాడు కంప్యూటరును ఆక్రమిస్తే, వీడు బాగుచేస్తానని చెప్పి బ్యాంకు ఖాతాలో చెయ్యి పెడతాడు.

కట్టివేసిన కాపలాదారును ఇంటి లోపలి నుంచి విడిపించడం కష్టం. దొంగ మేలుకొని ఉండగా ఏ పరీక్ష చేసినా అతడు అడ్డుపడతాడు. కాబట్టి అతడు నిద్ర లేవకముందే వెతకాలి. విండోస్ సెక్యూరిటీలోని స్కాన్ ఆప్షన్లలో ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్ చేసేది ఇదే. యంత్రం ఆగి మళ్లీ మొదలై, విండోస్ పూర్తిగా లేవకముందే సుమారు పావుగంట పాటు గాలిస్తుంది. ఆ మెనూ కూడా తెరుచుకోకపోతే, ఆరోగ్యంగా ఉన్న మరో కంప్యూటరులో ఏదైనా పేరున్న భద్రతా సంస్థ ఉచిత రెస్క్యూ డిస్కును యు.ఎస్.బి. మీద తయారుచేసుకుని, రోగి యంత్రాన్ని దాని నుంచే నడపాలి.

ఇంకో చిక్కు ఉంది. పురుగు వల్లనో, ఇంట్లో పిల్లల ప్రయోగం వల్లనో ఉన్న ఒక్క అడ్మినిస్ట్రేటరు ఖాతా సామాన్య ఖాతాగా మారిపోతుంది. అప్పుడు ప్రతి అనుమతి ప్రశ్నలోనూ 'అవును' అన్న మీట వెలిసిపోయి నొక్కుడుపడదు. 2007లో వచ్చిన విస్టా నాటి నుంచి విండోస్‌లో అంతర్గత అడ్మినిస్ట్రేటరు ఖాతాను నిద్రాణంగా ఉంచుతున్నందున పాతకాలపు ఎక్స్‌పీ చిట్కాలు ఇక్కడ పనిచేయవు. చాలామందికి మిగిలే క్షేమమైన మార్గం, రికవరీ తెర నుంచి సొంత ఫైళ్లను ఉంచుతూ విండోస్‌ను రీసెట్ చేయడమే. ప్రోగ్రాములు పోతాయి, ఫొటోలు మిగులుతాయి. అయినా పురుగు లోతుగా పాతుకుపోయిందన్న అనుమానముంటే ఫైళ్లను వేరే డిస్కుకు ఎక్కించి, అంతా తుడిచివేయడమే మేలు. రిజిస్ట్రీలో ఒక్కొక్క అంకెనూ దిద్దుకుంటూ పోవడం నిపుణులకు వినోదం కావచ్చు గాని, గృహస్థుకు రాత్రుళ్లు దండగ.

2019 నుంచి డిఫెండరులో టాంపర్ ప్రొటెక్షన్ అనే రక్షణ చేరింది. రిజిస్ట్రీ ద్వారా ఎవరైనా డిఫెండరును నిద్రపుచ్చబోతే అది ఆ ఆజ్ఞను పెడచెవిని పెడుతుంది. యంత్రం బాగుపడ్డాక అది పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి. బ్యాంకు, ఇ-మెయిలు పాస్‌వర్డులను మాత్రం అప్పటిదాకా ఆగకుండా శుభ్రమైన వేరొక యంత్రం మీద మార్చుకోవాలి. ఆపైన రెండు ఖాతాలు ఏర్పరచుకోవడం మంచిది: రోజువారీ పనికి సామాన్య ఖాతా, మార్పులకు మాత్రమే అడ్మినిస్ట్రేటరు ఖాతా. ఇంకొక కాగితం కూడా కావాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉన్న కంప్యూటర్లు మరమ్మతు వేళ 48 అంకెల రికవరీ కీ అడుగుతాయి. అది చాలా సందర్భాల్లో యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాగి ఉంటుంది. యంత్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడే దానిని చూసి, కాగితం మీద రాసి, బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన ఉంచుకోవచ్చు.