పాత పద్దు, కొత్త పద్దు: హెవీ మెటల్ అభిమానులతో ఒక పేచీ

కలకత్తాలో ఏ పాట గురించి మాట కదిపినా చివరికి ఒకటే తీర్పు వస్తుంది. "ఆగేర్ మొతో నెయ్." ముందులా లేదు అని. టీ కొట్టు బెంచీల మీద సాగే అడ్డాల్లో రవీంద్ర సంగీతం గురించీ ఇదే మాట, 1998లో పుట్టిన ఇక్కడి రాక్ బ్యాండు ఫాసిల్స్ గురించీ ఇదే మాట. ఐరన్ మెయిడెన్, మెటాలికా లాంటి పాత హెవీ మెటల్ బ్యాండ్ల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. యాభై దాటిన అభిమాని ఎవరిని కదిపినా 1990 తర్వాత అంతా పతనమే అంటాడు. మనవాళ్ళు ఘంటసాల తర్వాత పాటే లేదన్నట్టు. గడిచిన రోజులే మేలన్న మాట నన్నయ భారతంలోనే ఉంది కాబట్టి ఈ రోగం వయసు తక్కువలో తక్కువ వెయ్యేళ్ళు.

నేను ఈ సంగీతాన్ని బయట నుంచి చూసి వెక్కిరించేవాణ్ణి కాదు. బి.కాం. చదివి, రక్షణ ఖాతాల శాఖలో చేరి, బదిలీ మీద 1980లలో ఈ ఊరొచ్చిన కొత్తల్లో మెస్సులో నా పక్క మంచం కుర్రాడు ఐరన్ మెయిడెన్ పిచ్చివాడు. వాడి వెంట ఫ్రీ స్కూల్ స్ట్రీట్ పాత రికార్డుల కొట్లకు తిరిగి తిరిగి నాకూ అంటుకుంది. ఇంట్లో త్యాగరాజ కీర్తనలు వినేవాళ్ళకు నా గదిలోంచి వచ్చే చప్పుడు అర్థమయ్యేది కాదు. ఇప్పటికీ కాదు.

ఇటీవల మా హేతువాద మిత్రుల సమావేశం అయ్యాక టీ తాగుతూ ఈ ప్రస్తావన వచ్చింది. ఒకాయన, "అదంతా మెదడు చేసే గారడీ అండీ, పడుచుతనంలో విన్నదే గొప్పగా అనిపిస్తుంది" అని ఒక్క మాటలో కొట్టిపారేశారు. అందరూ తలలూపారు. నాకు మాత్రం ఆ తలలూపడం నచ్చలేదు. వేదాల్లో విమానాలున్నాయి అనేవాణ్ణి "ఆధారం చూపించు" అని నిలదీసేవాళ్ళం, అభిమాని మాటను కూడా ఆధారం అడిగి కదా కొట్టేయాలి?

సరే, అడుగుదాం. "ముందులా లేదు" అనేది ఒక మాట కాదు, మూడు మాటల మూట. సంగీతం మారింది అనేది మొదటిది. విన్నప్పుడు నాకు అప్పటిలా ఒళ్ళు గగుర్పొడవడం లేదు అనేది మరొకటి. సంగీతం నాసిరకం అయిపోయింది అనేది మూడోది. మొదటిది కొలిచి చూడొచ్చు. రెండోదానికి సాక్షి ఆ మనిషే, కాదనడానికి మనమెవరం? చిక్కంతా ఈ రెండూ రుజువు చేసి మూడోది రుజువైపోయిందనుకోవడంలో వస్తుంది.

ముందు కొలతలు. ఐరన్ మెయిడెన్ 1982 నాటి 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్'లో 8 పాటలు, మొత్తం దాదాపు 40 నిమిషాలు. సగటున పాటకు 5 నిమిషాలు. 2015 నాటి 'ది బుక్ ఆఫ్ సోల్స్'లో 11 పాటలు, 92 నిమిషాలు. సగటు 8 నిమిషాల పైచిలుకు. 2021లో వచ్చిన 'సెంజుట్సు' 10 పాటలు, 82 నిమిషాలు. అదే లెక్క. కనుక "సాగదీస్తున్నారు" అనే ఫిర్యాదు గాలి మాట కాదు, పాటలు నిజంగానే పొడుగయ్యాయి.

అయితే ఎందుకు పొడుగయ్యాయో కూడా చూడాలి కదా. ఎల్పీ రికార్డులో ఒక్కో వైపు 20, 22 నిమిషాలు దాటితే గాడులు సన్నబడి శబ్దం పలచబడుతుంది. 1982 నాటి క్లుప్తతలో కొంత వాటా ఆ నల్ల రేకుది. సీడీ వచ్చి 70 నిమిషాల పైన జాగా ఇచ్చింది, ఇంటర్నెట్ వచ్చి ఆ హద్దు కూడా చెరిపేసింది. పైగా పొడుగు పాట వీళ్ళకు ముసలితనంలో వచ్చిన అలవాటేం కాదు. 1984లోనే కోల్‌రిడ్జ్ నావికుడి కథ తీసుకుని 13 నిమిషాల పాట చేశారు. దాన్ని నిడివి గురించి విసుక్కున్న పాత అభిమాని నాకు ఒక్కడూ తగల్లేదు. అదే నిడివి 2021లో ఉంటే సాగదీత, 1984లో ఉంటే మహాకావ్యం.

ఒకే తప్పుకు రెండు పద్దులు అంటే ఇదే. మెటాలికా దగ్గర ఇది ఇంకా స్పష్టం. వాళ్ళ 1988 నాటి 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' ఆల్బమ్‌లో బేస్ గిటారు దాదాపు వినిపించదు. అంతకు రెండేళ్ళ ముందు బేస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ బస్సు ప్రమాదంలో చనిపోయాడు. అతని స్థానంలో వచ్చిన మనిషి వాయించిందంతా మిక్సింగులో మింగేశారు. నలుగురు వాయించిన పాటలో ఒకరి వాయిద్యమే లేదంటే అది చిన్న లోపమా? అయినా అభిమానులు దాన్ని "ఆ ఆల్బమ్ ప్రత్యేకత" అంటారు. 2003లో 'సెయింట్ ఆంగర్'లో స్నేర్ డ్రమ్ము ఖాళీ డబ్బాలా మోగిందని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. నా చెవికీ అది ఖాళీ డబ్బాయే. నా అభ్యంతరం, డబ్బాను రాసుకున్న పుస్తకంలో మాయమైన బేస్‌ను కూడా రాయాలి అని.

అభిమానులు నూటికి నూరుపాళ్ళు నెగ్గిన కేసు కూడా ఒకటుంది. అది మన హేతువాదులు తప్పక తెలుసుకోవలసింది. 2008లో మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' విడుదలైంది. పాటలు బాగున్నాయి, మోత మాత్రం చెవులు చిల్లులు పడేలా ఉంది, శబ్దం చిట్లుతోంది అని అభిమానులు మొత్తుకున్నారు. పెద్దవాళ్ళు, "మీకు వయసైపోయింది" అనే జవాబు చెప్పొచ్చు. కాని అదే పాటలు గిటార్ హీరో అనే వీడియో గేములోనూ వచ్చాయి. అందులో అవి శుభ్రంగా వినిపించాయి. రెండింటినీ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి చూశారు. గేములో ఉన్న పాటకు ఎత్తుపల్లాలున్నాయి. సీడీలో ఉన్నదానికి అంచులు నరికేసి ఇటుకలా చదును చేశారు. పది వేల మందికి పైగా సంతకాలు పెట్టి మళ్ళీ మిక్సింగు చేయమన్నారు. మాస్టరింగు చేసిన ఇంజనీరే, తన దగ్గరకు వచ్చేసరికే అది అలా ఉందనీ, ఆ పనికి తాను గర్వపడటం లేదనీ చెప్పాడు. ఒకే పాట, రెండు ప్రతులు, పోల్చదగ్గ కొలత. ఇంతకన్నా చక్కని పరీక్ష ఏముంటుంది? "పడుచుతనం గారడీ" అనే సిద్ధాంతం ఇక్కడ పూర్తిగా బోర్లాపడుతుంది.

అలాగని ఆ సిద్ధాంతం ఉత్తదని నేననను. 1989లో హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు వివిధ వయసుల వాళ్ళకు వివిధ కాలాల పాటలు వినిపించి, దాదాపు 23, 24 ఏళ్ళ వయసులో ప్రచారంలో ఉన్న పాటలంటే మనుషులకు మక్కువ ఎక్కువ అని తేల్చారు. అంతకు ముందు 1968లో జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఒక వస్తువు పదే పదే ఎదురైతే చాలు, ఇష్టం పెరుగుతుందని చూపించాడు. ఇందులో రెండోది నాకు ముఖ్యం. అప్పట్లో జీతం రాళ్ళలోంచి ఒక క్యాసెట్టు కొంటే అది అరిగి, టేపు తెగి, గోళ్ళ రంగుతో అతికించి మళ్ళీ వినేవాళ్ళం. ఒక్కో పాట 500 సార్లు విని ఉంటాం. ఇప్పుడు కొత్త ఆల్బమ్‌ను మెట్రోలో ఫోన్లో ఒకటిన్నర సారి విని తీర్పు రాసేస్తున్నాం. ఒక పుస్తకంలో 500 వోచర్లు చూసి, రెండో పుస్తకంలో రెండే చూసి, రెండింటి మీదా సంతకం పెట్టే ఆడిటరును ఏమంటారు?

ఇంకో సంగతి. పాత ఆల్బమ్‌లో నీరసం పాటలు మనకు గుర్తుండవు. 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్'లో 'గ్యాంగ్‌లాండ్' అనే పాట ఉంది. గుర్తుందా? బ్యాండు వాళ్ళకే అది నచ్చలేదు. 2022లో నలభై ఏళ్ళ పండగకు ఎల్పీ మళ్ళీ వేసినప్పుడు దాన్ని తీసేసి ఇంకో పాట పెట్టారు. స్వర్ణయుగపు లెక్కలను సొంతదారులే సవరించారన్నమాట. (1982లో అమెరికాలో మత సంఘాల వాళ్ళు సైతాను పాటలని ఈ రికార్డును తగలబెట్టారు. వాళ్ళూ పూర్తిగా విని తగలబెట్టి ఉండరు.)

మా మిత్రుడి సిద్ధాంతానికి అడ్డుపడే సాక్ష్యం ఇంకోటి చెప్పాలి. మా వీధిలో పదిహేనేళ్ళ కుర్రాడు 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' పాటను గిటారు మీద సాధన చేస్తున్నాడు. వాడికి 1986 లేదు, పడుచుతనపు జ్ఞాపకం లేదు. 2022లో 'స్ట్రేంజర్ థింగ్స్' సీరియల్లో ఆ పాట వచ్చాక ముప్ఫయ్యారేళ్ళ పాట మళ్ళీ అమ్మకాల పట్టికలకెక్కింది. దాన్ని ఎత్తుకున్న పిల్లలెవరికీ పాతరోజుల మీద బెంగ లేదు. పాటలో బలం లేకుండా ఇది జరుగుతుందా? అయితే ఆ సీరియల్ వాళ్ళు 2016 పాట ఏదైనా పెట్టి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పరీక్షించలేదు. కనుక దీన్నీ ఒక పక్కకు పూర్తిగా జమ వేసుకోలేం.

కలకత్తా దగ్గర ఇలాంటి తీర్పుల చరిత్ర చాలా ఉంది. 1970లలో మొహీనేర్ ఘోరాగులి అనే బ్యాండు బెంగాలీలో కొత్త రకం పాటలు కట్టింది. 1977 నుంచి 1979 దాకా మూడు రికార్డులు వేస్తే పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1995లో పాత పాటలు కొన్నీ కొత్తవి కొన్నీ కలిపి మళ్ళీ వస్తే తర్వాతి తరం నెత్తిన పెట్టుకుంది. ఇప్పుడు కొత్త బ్యాండ్లను తిట్టడానికి వాళ్ళ పేరే ఆయుధం. దేవవ్రత బిశ్వాస్ సంగతి మరీ అన్యాయం. రవీంద్ర సంగీతానికి వాద్యాలు ఎక్కువ పెడుతున్నాడని, పద్ధతి తప్పుతున్నాడని 1960లలో విశ్వభారతి సంగీత మండలి అభ్యంతరాలు పెట్టింది. విసిగిపోయిన ఆయన ఆ పాటలు రికార్డు చేయడమే మానుకున్నారు. 1980లో పోయారు. నేడు ఇదే ఊళ్ళో, "దేవవ్రత బిశ్వాస్ పాడినట్టు ఇప్పుడెవరు పాడుతున్నారు?" అని కొత్త గాయకులను సాధిస్తారు. ఆయన గొంతు మారలేదు, రికార్డులూ మారలేదు. మారింది వినేవాళ్ళ తీర్పు. ఆ తీర్పు మారేలోపు ఒక గాయకుడి చివరి పదేళ్ళు పోయాయి.

అందుకే నాకు ఇది టీ కొట్టు కబురులా కనబడదు. అభిమాని అభిప్రాయానికి ఖర్చుంది, అది కళాకారుడి ఖాతాలో పడుతుంది. 2006లో ఐరన్ మెయిడెన్ తెగించి, అప్పుడే వచ్చిన కొత్త ఆల్బమ్ మొత్తాన్ని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వేదిక మీద వాయించింది. జనంలో కొందరు పాతవి కావాలని గోల చేశారు. 2025 మేలో బుడాపెస్టులో మొదలైన యాభై ఏళ్ళ యాత్రలో పాటలన్నీ 1980 నుంచి 1992 దాకా వచ్చిన తొమ్మిది ఆల్బమ్‌లవే. మైదానాలు నిండిపోయాయి. వ్యాపార లెక్కన ఇది సరైన నిర్ణయం, నేను బడ్జెట్ వేసినా అదే వేసేవాణ్ణి. అయినా నాకు దిగులేసింది. 1999లో బ్రూస్ డికిన్సన్ తిరిగి వచ్చాక చేసిన ఆరు ఆల్బమ్‌లు, ఇరవై ఏళ్ళ పైన పని, ఆ లెక్కలో సున్నా.

ఆ పాత పాటలనూ "ముందులా" వాయిస్తున్నారా? డ్రమ్ములు వాయించే నికో మెక్‌బ్రెయిన్ 2023 జనవరిలో పక్షవాతం వచ్చి కోలుకుని, 2024 డిసెంబరులో 72వ ఏట యాత్రల నుంచి విరమించుకున్నాడు. డికిన్సన్ 23 ఏళ్ళప్పుడు పాడిన పాటలను 66 ఏళ్ళు వచ్చాక పాడాడు. 2015లో నాలుక వెనక క్యాన్సరుకు చికిత్స చేయించుకున్న మనిషి. 'ది బుక్ ఆఫ్ సోల్స్' రికార్డింగు అయ్యాకే జబ్బు బయటపడింది. ఆ గొంతులో "పస తగ్గింది" అని అప్పట్లో రాసినవాళ్ళు, తెలిశాక ఏమన్నారో మరి. మాకు అరవై నిండగానే సర్కారు దండ వేసి, పెన్షను కాగితం చేతికిచ్చి పంపింది. ముప్ఫై ఏళ్ళప్పుడు వేసిన వేగంతో పట్టీలు కూడమని ఎవరూ అడగరు.

నా చెవి మాట అడిగితే, 'సెంజుట్సు'లో ఓ ఇరవై నిమిషాలు కత్తిరించొచ్చు. ఒకే పల్లవిని ఆరేడు సార్లు తిప్పే అలవాటు వాళ్ళకు ముదిరింది. కాని ఆఖరి పాట 'హెల్ ఆన్ ఎర్త్' పదకొండు నిమిషాలున్నా ఒక్క సెకను తీయనివ్వను. వాళ్ళు 1984లో చేసిన ఏ పాట పక్కనైనా పెడతాను. 2023, 24 యాత్రలో దాన్ని చివర్లో వాయించారు, పాత టీషర్టుల వాళ్ళు కూడా గొంతు కలిపారు. 2025 జాబితాలో అది లేదు.