నల్లకారుకు నిగనిగ ఎక్కడిది?

పిల్లలూ! మీ ఇంట్లోగాని, మీ పక్కింట్లోగాని నల్లకారో, ముదురునీలం కారో ఉంటే ఒకసారి దాని దగ్గరికి వెళ్లి చూడండి. కొత్తలో అది అద్దంలాగా ఉంటుంది. అందులో మన మొహం చూసుకోవచ్చు. ఏడాది తిరిగేసరికి ఆ అద్దం మసకబారుతుంది. ఎండలో నిలబెడితే సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు కనిపిస్తాయి. “రోజూ తుడుస్తూనే ఉన్నాం కదా, ఎందుకిలా అయింది?” అని పెద్దవాళ్లు ఆశ్చర్యపోతారు.

చిత్రమేమిటంటే, ఆ గీతల్లో చాలా భాగం తుడవకపోవటంవల్ల పడినవి కావు, తుడవటంవల్ల పడినవే! అదెలాగో చూద్దాం.

ముందు నిగనిగ అంటే ఏమిటో తెలియాలి. గాలి వీయని ఉదయంపూట చెరువుగట్టున నిలబడితే అవతలి చెట్లు నీళ్లలో తలకిందులుగా కనిపిస్తాయి. కాస్త గాలి వీచి అలలు లేచాయంటే చెట్ల రూపం చెదిరిపోతుంది. నీళ్లు అవే, వెలుతురూ అదే. మారినదల్లా నీటి పైభాగం. నున్నని పైభాగంమీద పడిన వెలుతురు ఒక క్రమంలో వెనక్కి వస్తుంది; ఎగుడుదిగుడుగా ఉన్న దానిమీద పడినది నలుదిక్కులకూ చెదిరిపోతుంది. కారు సంగతీ అంతే. నిగనిగ అనేది సీసాలోంచి తెచ్చి పూసేది కాదు. అది నునుపుకే మరో పేరు.

అయితే తెల్లకారుకు గీతలు పడవా? పడతాయి. కాని కనిపించవు. మీ పలక సంగతి గుర్తుచేసుకోండి. నల్లపలకమీద బలపంతో గీసిన గీత దూరానికి కూడా తెలుస్తుంది. అదే గీత తెల్లగోడమీద గీస్తే వెతికి చూడవలసిందే. నల్లరంగు తనమీద పడిన వెలుతురును దాదాపు అంతా మింగేస్తుంది. అప్పుడు గీత అంచునుంచి చెదిరి వచ్చే కొద్దిపాటి వెలుతురే మన కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

దీన్ని చూడటానికి కారు కూడా అక్కరలేదు. ఇంట్లో బాగా పాతబడిన స్టీలు కంచం తీసుకుని, దీపం కింద పట్టుకుని చూడండి. దీపం ప్రతిబింబం చుట్టూ గుండ్రంగా గీతలు కనిపిస్తాయి. కంచాన్ని కదిపితే ఆ గుండ్రం కూడా ప్రతిబింబంతోపాటే కదులుతుంది! నిజానికి గీతలు అన్ని వైపులకూ ఉన్నాయి. వాటిలో వెలుతురును మన కంటివైపు పంపేవి మాత్రమే మనకు కనిపిస్తాయి. కారుమీది సాలెగూడు కూడా ఇదే.

ఇంతకూ ఆ గీతలు పడే పూత ఎంత మందమనుకున్నారు? ఈనాటి కార్లలో ఇనుపరేకుమీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిమీద మరొక పూత, ఆపైన రంగు, అన్నిటికీ పైన అద్దంలాంటి రంగులేని పూత ఉంటాయి. అన్నీ కలిస్తే మిల్లీమీటరులో పదోవంతుకు కాస్త అటూ ఇటూ. పైనున్న రంగులేని పూత ఒక్కటీ మిల్లీమీటరులో ఇరవయ్యోవంతు ఉంటే గొప్ప. మన తలవెంట్రుక కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. ఎండ దెబ్బనుంచి రంగును కాపాడేది ఆ వెంట్రుకంత పూతే.

ఇక దాని శత్రువు సంగతి. అనకాపల్లిలో దుమ్ముకు కొదవ లేదు. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి ఊరిని ఆనుకునే పోతుంది. చెరకు నరికే రోజుల్లో ట్రాక్టర్లూ, లారీలూ పొలాలనుంచి మట్టిని రోడ్డుమీదికి మోసుకొస్తాయి. బెల్లం మార్కెట్టు ముందు బళ్ల రాకపోకలకు లేచిన దుమ్ము వీధివీధంతా పరుచుకుంటుంది. ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది. ఇసుకలో ఎక్కువ భాగం పలుగురాతి నలుసులే.

1812లో ఫ్రీడ్రిక్ మోస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు రాళ్ల గట్టితనానికి 1 మొదలు 10 దాకా ఒక మెట్లవరస ఏర్పరిచాడు. పై మెట్టుమీది వస్తువు కింది మెట్టుదాన్ని గీయగలదు. వజ్రానిది 10వ మెట్టు, పలుగురాతిది 7వ మెట్టు. మామూలు గాజు 5, 6 మెట్ల మధ్య ఉంటుంది. అంటే ఇసుకరేణువు గాజునే గీస్తుందన్నమాట. ఇక మెత్తని పూత ఒక లెక్కా? దుమ్ము పట్టిన కారును పొడిగుడ్డతో తుడవటమంటే, ఆ రేణువులను గుడ్డకింద పెట్టి కారంతా రుద్దటమే.

మరి ఎలా కడగాలి? ఇంజను ఆపి, తాళంచెవి పెద్దవాళ్ల చేతిలో ఉన్నప్పుడే మీరు సాయానికి వెళ్లండి. కారును నీడలో పెట్టించండి. నల్లరంగు ఎండను బాగా తాగుతుంది. కాలిన రేకుమీద పోసిన నీళ్లు చిటికెలో ఆరిపోయి, వాటిలో కరిగి ఉన్న లవణాలు తెల్లని మచ్చలుగా మిగులుతాయి. బోరునీళ్లయితే మరీను. అయితే మామిడిపూత కాలంలో మామిడిచెట్టు నీడ మాత్రం వద్దు. తేనెమంచు రాలి కారంతా జిగటవుతుంది.

మొదట గుడ్డ తగలనివ్వకుండా పైనుంచి కిందికి నీళ్లు పోసి దుమ్మును కరిగి జారిపోనివ్వాలి. తరవాత రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకదానిలో కారు షాంపూ కలిపిన నీళ్లు, రెండోదానిలో మంచినీళ్లు. మెత్తని గుడ్డను షాంపూ నీళ్లలో ముంచి కొంత మేర కడిగి, మళ్లీ ముంచేముందు రెండో బకెట్టులో జాడించాలి. పైకప్పు మొదలు, తలుపుల అడుగుభాగం చివర. చక్రాలకు వేరే గుడ్డ. నేలమీద పడిన గుడ్డను మళ్లీ కారుకు తాకించకూడదు. అంట్లసబ్బూ, బట్టల సోడా వద్దు. జిడ్డు వదిలించే ఆ గుణమే కారుమీది మైనాన్ని కూడా వదిలిస్తుంది. చివర మంచినీళ్లు పోసి, గుడ్డను పరిచి అద్ది తడి తీసెయ్యాలి, రుద్దకూడదు.

పని అయ్యాక రెండో బకెట్టును అరగంట కదపకుండా ఉంచి, పైనీళ్లు మెల్లగా వంచెయ్యండి. అడుగున మిగిలిన దాన్ని వేళ్లమధ్య నలిపి చూడండి. గరగరలాడుతుంది. ఆ బకెట్టే లేకపోతే ఆ గరగర అంతా కారుమీదే తిరిగి ఉండేది!

ఇప్పుడు పాలిష్. ఇది గీతను పూడుస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. పాలిష్‌లో కంటికి ఆనని గట్టిపొడి ఉంటుంది. వడ్రంగి ఉప్పుకాగితంతో చెక్కను నున్నచేసినట్టు, గీతకు రెండు పక్కలా ఉన్న పూతను గీత అడుగుదాకా అరగదీస్తుంది. నునుపు వస్తుంది, నిజమే. కాని వెంట్రుకంత పూతలో కొంత పోతుంది. పోయింది మళ్లీ రాదు. అందుకని పాలిష్‌ను పండగపండక్కీ పెట్టకూడదు. గీతలు నిజంగా ఉన్నచోట, అన్నిటికంటే మెత్తనిదాన్ని ముందు ఒక మూల రాసి చూసి, పెద్దవాళ్లే చెయ్యాలి. గోరు తట్టుకునే గీతను మాత్రం పాలిష్‌తో పోగొట్టబోతే గీతకు బదులు పూతే పోతుంది.

ఇక మైనం. తామరాకుమీద, చామాకుమీద నీటిబొట్టు ముత్యంలా దొర్లటం మీరు చూసే ఉంటారు. ఆకుమీది సన్నని బుడిపెలూ, మైనమూ కలిసి చేసే పని అది. కారు మైనాల్లో పేరుపొందిన కార్నౌబా కూడా బ్రెజిల్ దేశపు ఒక తాటిజాతి చెట్టు ఆకులనుంచే వస్తుంది. అక్కడి ఎండల్లో ఆకులోని తడి ఆరిపోకుండా ఆ చెట్టు చేసుకున్న ఏర్పాటు అది. ఇది 80 డిగ్రీల సెంటిగ్రేడు దాటితేగాని కరగదు.

అంతదూరం పోనక్కరలేదు. అనకాపల్లి పిల్లలకు మైనం పెరట్లోనే ఉన్నది. కొత్తగా నరికిన చెరకుగడను చూడండి. కణుపుల దగ్గర తెల్లని బూడిదలాంటి పూత ఉంటుంది. అది మైనమే! గోటితో గీకితే లేచివస్తుంది. గీకినచోటా, గీకనిచోటా చెరొక నీటిబొట్టు వేసి తేడా చూడండి. చక్కెర మిల్లుల్లో రసం వడగట్టగా మిగిలిన మడ్డినుంచి ఈ మైనాన్ని తీస్తారు కూడా.

కారుకు మైనం పూసేటప్పుడు పెనంమీద నూనె రాసినంత పలచగా రాయాలి. మసకగా ఆరాక శుభ్రమైన గుడ్డతో తుడిచెయ్యాలి. మందంగా పూస్తే ఎక్కువ మేలు జరగదు, తుడవటమే కష్టం. ఎండకూ వానకూ అది కొన్ని నెలల్లో అరిగిపోతుంది. నీళ్లు ముత్యాల్లా నిలవక పరుచుకుపోతున్నాయంటే మళ్లీ రాయవలసిన రోజు వచ్చిందని అర్థం.

ఒక్కమాట గుర్తుంచుకోండి. పెరిగే చెరకు తన మైనాన్ని తానే తయారుచేసుకుంటుంది. కారు చేసుకోలేదు. మీ అమ్మానాన్నలు కూడబెట్టి కొన్న కారుకు ఆ వెంట్రుకంత పూత ఒక్కసారే వస్తుంది. కడగటంలో ఓర్పు చూపితే పాలిష్‌తో అవసరమే అరుదు.

ఇక ఈ నెల ప్రశ్న: గీతలు పడ్డ నల్లకారు తడిసి ఉన్నంతసేపూ కొత్తదానిలా మెరుస్తుంది, ఆరగానే గీతలన్నీ మళ్లీ కనిపిస్తాయి. ఎందుకని? చెరువునూ, అలలనూ తలుచుకుని ఆలోచించండి. జవాబు వచ్చే నెల.