జిల్లాకో ఫోల్డరా?

కస్టమరు పేరుతోనో, జిల్లా పేరుతోనో సోర్స్ ట్రీలో ఫోల్డర్లు తెరిచేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పైగా దానికి మాడ్యులర్ డిజైన్ అని పేరొకటి!

మా ఉమ్మడి వరంగల్ సంగతే తీసుకోండి. పింఛన్ల లెక్కలు చూసే అప్లికేషన్ ఒకటుంది, సోర్సంతా జిల్లాలవారీగా పెట్టుకున్నారు అనుకుందాం. 2016 అక్టోబరు 11న వరంగల్ కాస్తా ఐదు ముక్కలైంది: వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి. మన వీరుడేం చేస్తాడు? వరంగల్ ఫోల్డర్ని ఐదుసార్లు కాపీ కొట్టి, లోపల పేర్లు మార్చి, సాయంత్రానికల్లా చెకిన్ చేసి ఇంటికెళ్లిపోతాడు. ఆర్నెల్ల తర్వాత ఎవరో జనగామ ఫోల్డర్లో ఓ బగ్గు సరిచేస్తారు. అదే బగ్గు మహబూబాబాద్‌లో హాయిగా బతికే ఉంటుంది. అక్కడ పింఛనాగిపోయిన ముసలమ్మకి ఈ కాపీ పేస్టు కథ ఎవరు చెప్తారండీ?

సరే, అక్కడితో ఆగిందా? 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ ఉత్త వరంగల్ అయింది. ఇప్పుడు చెప్పండి, ట్రీలో వరంగల్ అని కనబడే ఫోల్డరు పాత ఉమ్మడి జిల్లాదా, కొత్తదా? వాజేడు మండలం గతి మరీ ఘోరం. 2016 దాకా ఖమ్మం, ఆపైన భూపాలపల్లి, 2019 నుంచి ములుగు. రెండున్నరేళ్లు తిరక్కుండా మూడు ఫోల్డర్లు! ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది.

జీవోతో మారేది డేటా. దాని చోటు టేబుల్లో: మండలం, జిల్లా, ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా. ఆ తేదీల కాలమ్‌లు పెట్టడానికి బద్ధకించేవాళ్లే ఫోల్డర్లు పెడతారని నా అనుమానం. 2017 నాటి రిపోర్టు ఇవాళ తీసినా వాజేడు భూపాలపల్లి కిందే రావాలి కదా! పేర్లకి బదులు కోడ్లు వాడండి, కేంద్రం వారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లాలకీ, మండలాలకీ, ఊళ్లకీ ఉన్నాయి.

"ఒక్కో జిల్లాకి రూల్సు వేరండీ" అంటారు. నిజంగా వేరైతే ఆ రూలు పేరుతో క్లాసు రాయండి, ఊరి పేరుతో ఎందుకు?

ఇక బిల్డు. ఫోల్డర్లు ఐదైతే వార్ ఫైళ్లూ ఐదు. అంటే జనగామ కోసం టెస్ట్ చేసింది ఒకటి, భూపాలపల్లిలో ఎక్కించింది ఇంకోటి. ఒక్కటే వార్ కట్టి, జిల్లా కాన్ఫిగరేషన్ బయట పెట్టుకుంటే పోయేదేముంది? రాసింది ఎస్‌ఆర్‌సీలో, దాన్నుంచి పుట్టింది టార్గెట్‌లో అని మావెన్ ఇరవయ్యేళ్ల కిందటే మొత్తుకుంది. అయినా టార్గెట్‌ని గిట్‌లోకి ఎక్కించే మహానుభావులున్నారు. "ఎందుకయ్యా?" అంటే, "అందులో ఒక జార్ ఉంది సార్, దాని సోర్సు దొరకట్లేదు" అంటారు. అదీ సంగతి. మీ ప్రాజెక్టులో ఓసారి టార్గెట్ మొత్తం చెరిపేసి, కొత్త మెషీన్ మీద బిల్డు కొట్టి చూడండి. సోమవారం పొద్దున చేయండి, శుక్రవారం సాయంత్రం మాత్రం వద్దు.