ట్యాంకే మంచి డబ్బా

తుపాను హెచ్చరిక రాగానే పెట్రోలు సీసాల్లో పట్టి ఇంట్లో దాచుకోవడం ముందుజాగ్రత్త కాదు, కొత్త ముప్పు. సున్నాకు దాదాపు 40 డిగ్రీలు దిగువన కూడా అది అంటుకునేంత ఆవిరి వదులుతుంది. గాలికన్నా బరువైన ఆ ఆవిరి నేలబారున పాకి వంటింటి మంటనో, ఫ్రిజ్‌లో పుట్టే నిప్పురవ్వనో చేరుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో కరెంటు లేక, బంకుల ముందు జనం బారులు తీరిన మాట నిజమే. ఆ భయాన్ని తీసిపారేయలేం. సొంత వాడకానికి 30 లీటర్ల వరకు చట్టం లైసెన్సు అడగదు కూడా. కానీ గట్టి మూత ఉన్న పాత్ర కావాలంటుంది: లీటరు వరకైతే గాజు సీసా లేదా జాడీ, అంతకు మించితే 25 లీటర్లు దాటని లోహపు డబ్బా. మంచినీళ్ల ప్లాస్టిక్ సీసాకు అందులో చోటు లేదు. అయినా పునరావాస కేంద్రానికి చేరడానికి బండిలో ఉన్న పెట్రోలు సాధారణంగా సరిపోతుంది. తుపానులు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో ట్యాంకును సగానికి తగ్గనివ్వకండి.