విశ్రాంత పాఠకుని పట్టిక

సంవత్సరాంతమున 'ఈ యేటి మేటి గ్రంథములు' అను పట్టికలు పత్రికలలో వెలువడుట ఆచారమైనది. ఆ యేడు అచ్చయిన గ్రంథమునకే వానిలో చోటు. తహసీలు కచేరీలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి గైకొన్న నా మిత్రులొకరు, తాము ఏడాదిలో చదివి మెచ్చిన పుస్తకముల పట్టికను ఒక సాహిత్య గోష్ఠిలో వినిపించిరి. అందు ప్రేమ్‌చంద్ 'గోదాన్' (1936), రేణు 'మైలా ఆంచల్' (1954), శ్రీలాల్ శుక్ల 'రాగ్ దర్బారీ' (1968) ఉన్నవి. అన్నింటిలో కొత్తది గీతాంజలిశ్రీ 'రేత్ సమాధి'. అదియు 2018 నాటిదే. గోష్ఠిలో నవ్వులు లేచినవి. "ఇవి యే యేటి పుస్తకములండీ?" అని యొక విమర్శకు డడిగెను.

ఆ నవ్వును నేను సహింపజాలను. గ్రంథమునకు ఏడు నిర్ణయించునది అచ్చుయంత్రమా? 'రాగ్ దర్బారీ'లో లంగడ్ అను కుంటివాడు లంచమిచ్చుట కొల్లక, ఒక్క నకలు కొరకు తహసీలు చుట్టు తిరుగుచునే యుండును. ఆ పుటలయొద్ద మా మిత్రులు పుస్తకము మూసి రెండు దినములు తెరువలేదట. తాము బల్లకివతల కూర్చుండి 'రేపు రమ్ము' అని పంపివేసిన ముఖములు జ్ఞప్తికి వచ్చినవట. "ముప్పదియేండ్ల వయసున చదివియుండిన నవ్వుకొని విడిచెడివాడను" అని ఆయనే నాతో ననిరి. యాబదియేండ్లు పైబడిన యా నవల ఆయన పాలిట నిన్ననే పుట్టినది. నెలకు పది కొత్త పుస్తకముల పుటలు త్రిప్పి డిసెంబరులో తూకము వేయు సమీక్షకులలో, ఒక్క పుస్తకము మూలమున రెండు దినములు మాటరాక కూర్చున్న వారెందరు? పనిలేనివారి కాలక్షేపమని ఇట్టి చదువును తేలికచేయుట మనకు అలవాటైపోయినది.

ఇంతవరకు ఆయన పక్షము వహించితిని. ఇక ఆయనతోనే నాకు తగవున్నది. 'గోదాన్'ను ఆయన చదివినది తెలుగున. పట్టికలో తెలిగించినవారి పేరు లేదు. అడుగగా, "అవి ప్రేమ్‌చంద్ మాటలే కదా" అనిరి. కావు. ప్రేమ్‌చంద్ తెలుగున వ్రాయలేదు. ఈ మరపు మనకు పాతదే. శరత్‌బాబును తెలుగువానినిగనే తలచి చదివిన తరములు చక్రపాణి, బొందలపాటి శివరామకృష్ణ మొదలగువారి శ్రమను ఎంత తలచినవి? 'రేత్ సమాధి' ఆంగ్లానువాదమునకు 2022లో వచ్చిన అంతర్జాతీయ బుకర్ బహుమానపు 50,000 పౌండ్లను రచయిత్రికిని, అనువాదకురాలు డెయిజీ రాక్‌వెల్‌కును సమముగ పంచిరి. ధనము మాట అటుంచుడు. పట్టికలో అరపంక్తి చోటు చాలును.

ఆనాడు గోష్ఠిలో నవ్వినవారిలో ఒక్కరును ఈ లోపమును పట్టుకొనలేదు.